చీటీ దుడ్లు, గేమింగ్ కంప్యూటరు

మన లైన్ ఇండ్లలో పదో తరగతి దాటిన పిల్లోడు ఒకప్పుడు సైకిలు అడిగేవాడు. తర్వాత బండి అడిగినాడు. ఇప్పుడు గేమింగ్ కంప్యూటరు అడుగుతా ఉండాడు. అది 50 వేల మాట. రింగ్ ఫ్రేం దగ్గర, వైండింగ్ దగ్గర నిలబడి జీతం తెచ్చే ఇంట్లో 50 వేలంటే ఒక చీటీ మొత్తం. అంత దుడ్లు తీసి ఇచ్చే ముందు ఆ పెట్టెలో ఏముంటాదో, ఏది ఎంత తింటాదో, ఎక్కడ మోసం జరుగుతాదో ఇంట్లో పెద్దోళ్ళకి కూడా తెలిసి ఉండాల. నేను కంప్యూటరు చదివినోణ్ణి కాదు. మా వీధి పిల్లోళ్ళకి తోడుగా బెంగళూరికి మూడు సార్లు పోయి, అంగడి అంగడి తిరిగి, అడిగి అడిగి తెలుసుకున్నది రాస్తా ఉండాను.

వైండింగ్‌లో పని చేసే ఒక చెల్లెలు పోయిన 2025 జూలైలో ఇంటికొచ్చింది. కొడుకు పాలిటెక్నిక్‌లో రెండో ఏడాది. వానికి ఆటల పిచ్చి ఉండాది, దాంతోపాటు కంప్యూటరులో బొమ్మలు చేసే బ్లెండర్ అనే పని కూడా నేర్చుకుంటా ఉండాడు. ఆ యమ్మ చేతికి 55 వేలు చీటీ వచ్చింది. "అన్నా, మీరు మిషన్లు చూసినోళ్ళు, వానితో ఒకసారి పోయి రాండి" అని అడిగింది. అప్పటికే ఆ పిల్లోడు ఒక అంగట్లో మాట్లాడి పెట్టుకోనుండాడు. 38 వేలకి గేమింగ్ సెట్టు. ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ముందర గాజు తలుపు, లోపల రంగు రంగుల లైట్లు. నెల నెలా కంతు కట్టుకోవచ్చునంట.

కాగితం చూపించమని అడిగితే దాంట్లో ఐ7 అని మాత్రమే ఉండాది. వెనక అంకె లేదు. ఫోన్ చేసి అడిగిస్తే 3770 అని చెప్పినారు. ఇక్కడ ఉండాది కిటుకు. ఐ3, ఐ5, ఐ7 అనేది మోడల్ పేరు మాత్రమే. వెనక అంకెలో చివరి మూడు తీసేస్తే మిగిలేది దాని తరం. 3770 అంటే మూడో తరం, 2012లో వచ్చినది. 12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చినది. ఈ పన్నెండో తరం ఐ3 ఆ మూడో తరం ఐ7ని ఆటలో సులభంగా దాటిపోతాది. పాత అంబాసిడర్ పెద్ద కారే, అయినా కొత్త చిన్న కారుతో పరుగు పెట్టలేదు కదా. పైగా మూడో తరానికి విండోస్ 11 సరిగ్గా ఒప్పదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే కంపెనీ ఒప్పుకుంటాది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ సాయం ఆగిపోయింది.

4 జీబీ గ్రాఫిక్స్ కార్డు అన్నారే, అది జీటీ 730. 2014 నాటిది. జీబీ ఎంతుందో చెప్పి అమ్మేస్తారు, కార్డు పేరు చెప్పరు. సంచి పెద్దదయితే లోపల బియ్యం మంచివని కాదు. పేరు, అంకె రెండూ చెప్పని చోట దుడ్లు తీయొద్దు. ఆ సెట్టు వద్దని అక్కడికక్కడే చెప్పేసినాము. పిల్లోడికి రెండు రోజులు మొగం మాడిపోయింది.

ఇంక సామాన్ల సంగతికి వద్దాం. మిల్లులో దూది ఎట్లా పోతాది? బ్లో రూం, కార్డింగ్, డ్రాయింగ్, సింప్లెక్స్, ఆ తర్వాత రింగ్ ఫ్రేం. సింప్లెక్స్ రోవింగ్ అందియ్యకపోతే రింగ్ ఫ్రేంకి ఎంత స్పీడు ఉన్నా స్పిండిళ్ళు ఖాళీగా నిలబడతాయి. కంప్యూటరులో ప్రాసెసరు సింప్లెక్స్ మాదిరి, గ్రాఫిక్స్ కార్డు రింగ్ ఫ్రేం మాదిరి. ఆట బొమ్మను నూలు మాదిరి తీసేది కార్డే. కాబట్టి గేమింగ్ పెట్టెలో ఎక్కువ దుడ్లు కార్డుకే పోవాల. నేను చూసిన లెక్కలో ఐదింట రెండు భాగాలు కార్డుకి పెడితే సరిపోతాది. ప్రాసెసరు దానికి రోవింగ్ అందించేంత ఉంటే చాలు. శానామంది పిలకాయలు పెద్ద ప్రాసెసరు కొని, దుడ్లు అయిపోయి, చిన్న కార్డుతో సర్దుకుంటారు.

ఇంతకీ ముందు అడగాల్సిన మాట ఒకటుండాది. ఏ ఆట ఆడతావు? వాలరెంట్ మాదిరి తేలిక ఆటలయితే కార్డే అక్కర లేదు. రైజెన్ 5 5600జి అనే ప్రాసెసరులో గ్రాఫిక్స్ లోపలే ఉండాది, 2021లో వచ్చినది. దాంతో బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించి బాగానే ఆడొచ్చు, తర్వాత దుడ్లు వచ్చినప్పుడు కార్డు చేర్చుకోవచ్చు. సైబర్‌పంక్ మాదిరి బరువు ఆటలయితే కార్డు తప్పదు. ఇంకొక మాట. ఇంటెల్ ప్రాసెసరు అంకె చివర ఎఫ్ అని ఉంటే, ఐ3-12100ఎఫ్ మాదిరి, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా అది కొనుక్కోనొస్తే ఫ్యాన్ తిరుగుతాది, మానిటరు నల్లగా ఉంటాది.

మన హోసూరోళ్ళకి ఒక అదృష్టం ఉండాది. 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు. అక్కడ టౌన్ హాలు పక్కన సదర్ పత్రప్ప రోడ్డు, అందరూ ఎస్.పి. రోడ్డు అంటారు. కంప్యూటరు సామాన్లకి, ఎలక్ట్రానిక్ సామాన్లకి పేరు పోయిన వీధి. మద్రాసోళ్ళకి మౌంట్ రోడ్డు దగ్గర రిచ్చీ వీధి ఎట్లనో అట్ల. కృష్ణగిరి నుంచి కూడా మద్రాసు కంటే ఇదే దగ్గర, 90 కిలోమీటర్లు. కె.ఆర్. మార్కెట్టులో దిగితే నడిచి పోవచ్చు. ఆదివారం శానా అంగళ్ళు మూసి ఉంటాయి, ఆ రోజు పోవద్దు. వారం సెలవు పడిన పని రోజు పొద్దున్నే పోవాల.

అక్కడ ఒక్క అంగట్లోనే అన్నీ కొనమంటారు. వినొద్దు. ముందు నాలుగు అంగళ్ళలో ధర రాయించుకోండి. ఇంటి నుంచి బయలుదేరే ముందే ఆన్‌లైన్ ధర ఫోనులో చూసి పెట్టుకోవాల. కొన్ని అంగళ్ళలో మొదటి మాటే వేరు, బేరం తర్వాత మాట వేరు. "బిల్లు లేకుండా తీసుకోండి, జీఎస్టీ 18 శాతం మిగులుతాది" అంటారు. వద్దే వద్దు. కార్డుకి, ప్రాసెసరుకి మామూలుగా మూడేండ్ల వారంటీ ఉంటాది. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకపోతే ఆ మూడేండ్లూ పోయినట్టే. బిల్లు పిల్లోడి పేరుతో కాకుండా అమ్మ పేరుతో రాయించినాము. దుడ్లు ఎవరివో వాళ్ళ పేరే ఉండాల.

ఆ రోజు మేము కొన్నది ఇది. ప్రాసెసరు రైజెన్ 5 5600, 9,400 రూపాయలు. బి450 మదర్‌బోర్డు 5,600. ర్యామ్ 8 జీబీవి రెండు, కలిపి 3,300. ఎస్ఎస్‌డి 500 జీబీ, 3,000. కార్డు ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీది, 19,800. ఎస్ఎంపీఎస్ 550 వాట్లది 4,100. మూడు ఫ్యాన్లున్న క్యాబినెట్టు 2,800. మొత్తం 48,000. ఆఫీసులు వదిలేసిన 24 అంగుళాల మానిటరు 3,500కి దొరికింది, కీబోర్డు మౌసు 900. అన్నీ కలిపి 52,400. చీటీలో 2,600 మిగిలింది, దాంట్లో బస్సు చార్జీ, ఇద్దరికీ భోజనం.

ఈ లెక్కలో రెండు మూడు మాటలు విప్పి చెప్పాల. ర్యామ్ 16 జీబీది ఒకటి కొనకుండా 8వి రెండు ఎందుకు? రింగ్ ఫ్రేంకి రెండు పక్కలు ఉంటాయి కదా, ఒక పక్కే నడిపితే సగం పని. ర్యామ్ కూడా రెండు ఉంటే రెండు దారుల్లో పోతాది. లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జి మాదిరి వాటికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే బొమ్మకి కూడా ఆ ర్యామే వాడుకుంటాది. రెండోది, బి450 బోర్డు 2018 నాటి రకం. అంగట్లో పాత స్టాకు ఉంటే 5600ని గుర్తు పట్టదు. లోపలి బయోస్ కొత్తది ఎక్కించి ఇమ్మని అడగాల, వాళ్ళ ముందరే ఆన్ చేసి చూపించమనాల. మేము అడిగితే ఆ అంగడి పిల్లోడు పది నిమిషాల్లో చేసి ఇచ్చినాడు. అడగకపోతే ఇంటికొచ్చి, మళ్ళీ 40 కిలోమీటర్లు.

మూడోది ఎస్ఎంపీఎస్. దీని గురించి కొంచెం నిలబడి చెప్తాను. లోపల సామాన్లకి కరెంటు పంచే డబ్బా ఇది. ఆటకి స్పీడు ఇయ్యదు, లైటు వెలగదు, కాబట్టి పిలకాయలు ఇక్కడ దుడ్లు మిగిలించాలని చూస్తారు. క్యాబినెట్టుతో పాటు 700, 800కి 450 వాట్లు అని రాసిన డబ్బా ఇస్తారు. పైన రాసిన వాట్లు అది నిజంగా మోయలేదు. మా వెనక వీధిలో ఒక ఇంట్లో ఇట్లాంటిదే పెట్టి, మూడో నెలలో ఆట మధ్యలో టప్ మని కాలిపోయింది. పోతా పోతా మదర్‌బోర్డును కూడా తీసుకోని పోయింది. మిల్లులో మోటారుకి తక్కువ రకం కేబుల్ వేస్తే ఏమవుతాదో మనకి తెలియనిదా? 80 ప్లస్ బ్రాంజ్ అనే గుర్తు, పేరున్న కంపెనీ, మూడు నుంచి ఐదేండ్ల వారంటీ, ఈ మూడూ ఉండాల. ఆర్‌ఎక్స్ 6600 తినేది 132 వాట్లు, ఆ ప్రాసెసరు 65 వాట్ల రకం. 550 వాట్లది పెడితే ఒత్తిడి లేకుండా నడుస్తాది. క్యాబినెట్టు అందం కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు, డబ్బా మాత్రం మొదటి రోజే మంచిది ఉండాల.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతాదని ఆ చెల్లెలు అడిగింది. ఆట ఆడేటప్పుడు మానిటరుతో కలిపి 250 వాట్లు అనుకుందాం. నాలుగు గంటలు ఆడితే ఒక యూనిట్టు. రోజూ నాలుగు గంటలంటే రెండు నెలల బిల్లులో 60 యూనిట్లు. అప్పుడు 2025లో మనకి తమిళనాడులో రెండు నెలలకి 100 యూనిట్లు ఉచితం, దాంట్లో సగానికి పైన వీడే తినేస్తాడు. ఈ లెక్క కాగితం మీద వేసి వానికే ఇచ్చినాను. "మామా, రెండు గంటలే ఆడతాను" అన్నాడు. చూద్దాం.

మన పాత లైన్ ఇండ్లలో ఇంకొకటి చూసుకోవాల. మూడు పిన్నుల సాకెట్టు ఉంటాది, అయితే వెనక ఎర్త్ వైరు ఉండదు. అట్లాంటి చోట క్యాబినెట్టు ఇనుము తాకితే చెయ్యి జివ్వుమంటాది. అది కంప్యూటరు తప్పు కాదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ సరి చేయించి తర్వాతే ప్లగ్గు పెట్టండి. కరెంటు పోయి వచ్చే చోట యూపీఎస్ కావాలంటే 600 వీఏ చిన్నది ఆట మధ్యలో ఇబ్బంది పడతాది, 1000 వీఏ మేలు.

దూది దుమ్ము సంగతి మనకి ఎవరూ చెప్పక్కర లేదు. షిఫ్టు నుంచి వచ్చిన బట్టలతో, తలతో ఎంత దూది ఇంటికొస్తాది! పెట్టెను నేల మీద పెడితే ఫ్యాన్లు దాన్నంతా లోపలికి లాక్కుంటాయి. ప్రాసెసరు మీద ఉండే రెక్కల సందుల్లో దూది చేరితే వేడి బయటికి పోదు, వేడెక్కితే కంప్యూటరు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాది. మేజా మీద పెట్టండి. రెండు నెలలకొకసారి ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోని బ్లోయరు కొట్టండి. బిగించేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. పొడి గాలి రోజుల్లో ఒంట్లో స్టాటిక్ కరెంటు చేరతాది. మిల్లులో గాలికి తేమ పట్టించేది అందుకు కూడా కదా, లేకుంటే దూది రోలర్లకి చుట్టుకుంటాది. ర్యామ్, బోర్డు ముట్టుకునే ముందు ఏదైనా పెద్ద ఇనుప వస్తువును ఒకసారి తాకాల. పాలిస్టరు చొక్కాతో బిగించొద్దు.

బిగించినాక కూడా పిలకాయలు మర్చిపోయే పనులు ఉండాయి. మానిటరు వైరు మదర్‌బోర్డుకి కాదు, కార్డుకి పెట్టాల. లేకుంటే 19,800 పెట్టిన కార్డు ఊరికే కూర్చుంటాది. ర్యామ్ పెట్టె మీద 3200 అని రాసుంటే దాన్ని బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే చోట ఆన్ చేస్తేనే ఆ స్పీడు వస్తాది. ఇవన్నీ ఖర్చు లేని పనులు.

ఇంక ఇప్పటి ధర. మేము కొన్న ర్యామ్ 3,300 అని రాసినాను కదా, ఏడాది చివరికి అదే రకం రెండింతలు దాటిపోయింది. ఎందుకని అడిగితే, ప్రపంచంలో ఈ ర్యామ్ చిప్పులు ఎక్కువగా చేసేది మూడే కంపెనీలు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ నడిపే పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఎంత ధరకైనా కొంటా ఉంటే కంపెనీలు సరుకంతా అటు తిప్పుతా ఉండాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో, మన మాదిరి ఇంటి జనాలకి అమ్మే క్రూషియల్ పేరునే ఆపేస్తామని చెప్పేసింది. పత్తి బేళ్ళు ఎగుమతికి పోయి ఇక్కడ మిల్లులకి ధర ఎక్కినప్పుడు చూసినాము కదా, అట్లనే. కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ళు డీడీఆర్5 మాత్రమే పట్టే కొత్త ఏఎం5 బోర్డు వైపు పోకుండా, డీడీఆర్4 పట్టే పాత ఏఎం4 వైపే చూడడం మేలని నా అభిప్రాయం. ఏఎం4 2016 నుంచి ఉండాది, పాత ర్యామ్ దొరుకుతాది.

పాతవి కొనొచ్చునా అని అడుగుతారు. ర్యామ్, ప్రాసెసరు పాతవి కొనొచ్చు. అవి పని చేస్తే చేస్తాయి, లేకుంటే లేదు, మధ్యలో అరిగిపోయేది తక్కువ. ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్కు పాతవి కొనొద్దు. కార్డు మాత్రం జాగ్రత్తగా చూసి కొనాల. కొన్నేండ్ల ముందు ఎథీరియం అనే నాణెం కోసం వేల కార్డుల్ని రాత్రింబగళ్ళు నడిపినారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగిపోయినాక ఆ కార్డులన్నీ పాత సామాన్ల అంగళ్ళకి వచ్చినాయి. మూడు షిఫ్టులు ఆగకుండా నడిచిన మిషన్ మాదిరి, ఫ్యాను బేరింగులు అరిగి ఉంటాయి. పాత కార్డు కొనేటప్పుడు అంగట్లోనే పెట్టించి అరగంట ఆట నడిపించండి, ఫ్యాను శబ్దం వినండి. పాత చిప్పుకి కొత్త పేరు పెట్టి అమ్మే మోసం కూడా ఉండాది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే అట్లాంటివి శానా వరకు బయటపడతాయి. అంగడోడు దాన్ని నడపనియ్యకపోతే లేచి రాండి.

ఇల్లంతా భయపడేది ఆట గురించి కాబట్టి అది కూడా చెప్పాల. ఆట వేరు, జూదం వేరు. దుడ్లు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ మాదిరివి మన కాలనీల్లో ఎన్ని కొంపలు ముంచినాయో అందరికీ తెలుసు. తమిళనాడు దాని మీద 2023లో చట్టం తెచ్చింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా ఆన్‌లైన్‌లో దుడ్లు పెట్టి ఆడే ఆటల్ని ఆపే చట్టం చేసింది. కంప్యూటరు ఆటల్లో ఆ భయం లేదు, అయితే ఆట లోపల తుపాకీకి రంగు, మనిషికి చొక్కా అని అమ్ముతారు. వాటికి అమ్మ ఫోనులో యూపీఐ పిన్ను పిల్లోడికి తెలియకుండా ఉంటే చాలు. దొంగ ఆటలు దించుకుంటే వాటితో వైరస్ వస్తాది. ఎపిక్ అనే కంపెనీ వారం వారం ఒక ఆట ఉచితంగా ఇస్తాది, ఆ దారి చూపించండి.

ఇది రాసే వారంలో రీలింగ్‌లో చేసిన ఒకాయన వచ్చినాడు. ఆయన చేతిలో 20 వేలే. కొడుకుకి అదే ఆశ. దీంట్లో కొత్త గేమింగ్ పెట్టె రాదు, ఎవరైనా వస్తాదంటే నమ్మొద్దని చెప్పినాను. ఒక దారి ఉండాది. బెంగళూరు ఆఫీసులు తీసేసిన ఎనిమిదో తరం ఐ5 పెట్టెలు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి, విండోస్ 11 కూడా పడతాది. ముందు అది కొనాల. తర్వాత జీటీఎక్స్ 1650 కార్డు. అది 75 వాట్లే తింటాది. దాంట్లో విడిగా కరెంటు వైరు అడగని రకం ఉండాది, అదే అడిగి తీసుకోవాల, ఎందుకంటే ఆఫీసు పెట్టెల ఎస్ఎంపీఎస్‌లో ఆ వైరు ఉండదు. పెట్టె సన్నదయితే కార్డు కూడా పొట్టి రకం కావాల, కొలత రాసుకోని పోవాల. ఆయన పెట్టె మాత్రం ఈ నెల కొని, కార్డు బోనస్ వచ్చినాక చూస్తానన్నాడు. బుధవారం వానికి వారం సెలవు, ఆ రోజు మొదటి బస్సుకి పోతా ఉండాము.